తల్లీ బిడ్డా క్షేమం... మరి తండ్రి?

ఇంట్లో బిడ్డ పుట్టగానే బంధువులందరికీ వెళ్ళే కబురు ఒక్కటే: "తల్లీ బిడ్డా క్షేమం." ఒకప్పుడు టెలిగ్రాముల్లో, తర్వాత ఎస్టీడీ బూతుల్లో, ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఆ మాట అలాగే నడుస్తోంది. అయితే ఆ కబురు పంపిన మనిషి ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు. అతను మిఠాయిలు పంచుతాడు, ఆసుపత్రి బిల్లు కడతాడు, మందులకు పరుగెత్తుతాడు. తండ్రి అయ్యాడు కదా, సంతోషంగానే ఉంటాడని అందరూ అనుకుంటారు.

చాలామంది తండ్రులు నిజంగానే సంతోషంగా ఉంటారు. కాని కొందరిలో ఆ సంతోషం చోట్లో ఒక దిగులు వచ్చి కూర్చుంటుంది. బిడ్డ ఏడిస్తే విసుగు, ఎత్తుకోవాలంటే భయం, ఆఫీసు నుంచి ఇంటికి రావాలంటే బరువు. "ఇంత మంచి బిడ్డ పుట్టాక కూడా నాకు ఇలా ఉందేమిటి?" అని అతను తనను తానే నిందించుకుంటాడు. ఎవరికీ చెప్పడు. చెబితే నలుగురూ నవ్వుతారని భయం. ఆ దిగులుకు వైద్యశాస్త్రంలో ఒక పేరుంది, చికిత్స కూడా ఉంది. అతను మీ భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, అల్లుడు, తమ్ముడు, పక్క సీట్లో కూర్చొనే సహోద్యోగి కావచ్చు. అతనికి మీరు ఏం చేయగలరో ఈ వ్యాసంలో చూద్దాం.

ఎంతమందికి వస్తుంది?

బాలింతలకు వచ్చే కుంగుబాటు గురించి ఈ మధ్య కొంత చర్చ జరుగుతోంది. కాన్పు అయిన మొదటి వారంలో సగానికి పైగా తల్లులకు కారణం లేకుండా ఏడుపు రావడం, మనసు చివుక్కుమనడం సహజం. అది రెండు వారాల్లోపు దానంతట అదే పోతుంది. అలా పోకుండా ముదిరితే దాన్ని ప్రసవానంతర కుంగుబాటు అంటారు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, సుమారు 22 శాతం మంది తల్లుల్లో ఈ లక్షణాలు కనిపించాయి.

తండ్రుల సంగతి? 2010లో అమెరికా వైద్య సంఘం పత్రికలో జేమ్స్ పాల్సన్, షార్నెయిల్ బేజ్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు వివిధ దేశాల్లో జరిగిన 43 అధ్యయనాలను, అంటే 28 వేల మందికి సంబంధించిన సమాచారాన్ని గుదిగుచ్చి చూశారు. భార్య గర్భవతిగా ఉన్నప్పటి నుంచి బిడ్డకు ఏడాది వచ్చేలోపు పది మంది తండ్రుల్లో ఒకరికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. 2016లో 74 అధ్యయనాలను కలిపిన మరో లెక్కలో ఇది 8.4 శాతం. అంకె కొంచెం అటూ ఇటూ అయినా, ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత జబ్బు కాదని స్పష్టం.

2010 విశ్లేషణలో మనం గమనించాల్సిన విషయాలు మరో రెండున్నాయి. తల్లుల్లో కుంగుబాటు ఎక్కువగా కాన్పు అయిన తొలి వారాల్లో బయటపడుతుంది. తండ్రుల్లో మాత్రం బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసున్నప్పుడు అత్యధికంగా కనిపించింది. ఆ సమయానికి బారసాల అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, ఇంటి మీద అందరి ధ్యాస తగ్గిపోయి ఉంటుంది. రెండో విషయం: తల్లికి కుంగుబాటు ఉన్న ఇళ్ళలో తండ్రికీ వచ్చే అవకాశం ఎక్కువ. అంటే ఇంట్లో ఒకరికి ఉందని తెలిసినప్పుడు రెండో వారిని కూడా పలకరించి చూడాలి.

అలసటా? జబ్బా?

పసిబిడ్డ ఉన్న ఇంట్లో అలసిపోని వారుండరు. అలసటకీ కుంగుబాటుకీ తేడా ఎలా తెలుస్తుంది? ఒక సులువైన గుర్తు చెప్పుకోవచ్చు. అలసిన మనిషి ఒక పూట కంటినిండా నిద్రపోతే తేరుకుంటాడు. బిడ్డ నవ్వితే తనూ నవ్వుతాడు. కుంగిన మనిషి నిద్రపోయే వీలున్నా నిద్రపోలేడు. బిడ్డ నవ్వినా అతని మనసుకు తగలదు. దిగులు గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటే, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఒంట్లో సత్తువ దెబ్బతింటే, తాను పనికిరానివాణ్ణని అనిపిస్తుంటే అది వైద్యుడు చూడాల్సిన సంగతి.

మగవారిలో ఒక చిక్కుంది. కుంగుబాటు అనగానే మనం కన్నీళ్ళను ఊహించుకుంటాం. మగవాడు ఏడవకూడదని చిన్నప్పటి నుంచి నేర్పాం కనుక అతని దిగులు వేరే వేషాల్లో బయటికొస్తుంది. చిన్న మాటకే కోపం, గిన్నె చప్పుడైనా చిరాకు. ఆఫీసులో పని లేకపోయినా రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే ఉండిపోవడం. మందు, సిగరెట్లు పెరగడం. గంటల తరబడి ఫోనులో తల దూర్చడం. తలనొప్పి, కడుపులో మంట, ఒళ్ళు నొప్పులు అంటూ మందుల షాపు చుట్టూ తిరగడం. ఇంట్లోవాళ్ళు ఇవన్నీ చూసి "బాధ్యత లేదు", "పొగరు ఎక్కువైంది" అంటారు. లోపల జబ్బు ఉండవచ్చని ఎవరికీ తట్టదు. మందు తాగేవారందరికీ, కోప్పడేవారందరికీ కుంగుబాటు ఉందని దీని అర్థం కాదు. బిడ్డ పుట్టిన తర్వాత మనిషి కొత్తగా మారాడా అన్నది చూడండి.

కుంగుబాటును గుర్తుపట్టడానికి 1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే పరిశోధకులు పది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. దాన్ని ఎడిన్‌బరో కొలబద్ద అంటారు. గడచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడిగి, 30 మార్కులకు లెక్కవేస్తారు. తల్లుల కోసం చేసిన ఈ పత్రాన్ని 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులు తండ్రుల మీద పరీక్షించి చూశారు. తమ బాధను మగవారు తక్కువ చేసి చెబుతారు కాబట్టి, తల్లుల కన్నా తక్కువ మార్కుల దగ్గరే తండ్రుల విషయంలో జాగ్రత్తపడాలని తేల్చారు. ఇలాంటి పత్రం అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. జబ్బును నిర్ధారించేది వైద్యుడే.

ఎందుకు వస్తుంది?

తల్లి నవమాసాలు మోసింది, కన్నది. హార్మోన్లు తారుమారయ్యాయి. మరి తండ్రికేమైంది? ఈ ప్రశ్న మీకూ కలిగి ఉండవచ్చు. తండ్రి శరీరం కూడా మారుతుందన్నది ఇటీవలి పరిశోధనలు తెలిపిన ఆశ్చర్యకరమైన సంగతి. ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో 624 మంది యువకుల టెస్టోస్టిరాన్‌ను 2005లో ఒకసారి, 2009లో మరోసారి కొలిచారు. ఆ నాలుగేళ్ళలో పెళ్ళయి తండ్రులైనవారిలో ఈ హార్మోను బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకన్నా ఎక్కువసేపు బిడ్డను చూసుకొనే తండ్రుల్లో ఇంకా తక్కువగా ఉంది. ప్రకృతి మగవాణ్ణి కూడా బిడ్డ సాకడానికి సిద్ధం చేస్తోందన్నమాట!

ఈ తగ్గుదల జబ్బు కాదు. అయితే 2017లో అమెరికాలో 149 జంటల మీద వెలువడిన ఒక అధ్యయనంలో, బిడ్డకు తొమ్మిది నెలలు వచ్చేసరికి టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న తండ్రుల్లో దిగులు లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. చిత్రమేమిటంటే వారి భార్యల్లో అవి తక్కువగా ఉన్నాయి! కనుక దీనికి మందు టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకోవడమేనని ఎవరూ పొరబడకూడదు. హార్మోను కథలో ఒక పాత్ర మాత్రమే.

మిగిలిన పాత్రలు మనకు బాగా తెలిసినవే. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి ఇల్లంతా మేల్కొంటుంది. వారాల తరబడి ముక్కలైన నిద్ర ఎంత గట్టి మనిషినైనా కుదిపేస్తుంది. తర్వాత డబ్బు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4, తెలంగాణలో 60.7. ఆపరేషన్ అంటే ప్రైవేటు ఆసుపత్రి బిల్లు, కోలుకోవడానికి తల్లికి ఎక్కువ కాలం. బిడ్డ నెల తక్కువగా పుట్టి గాజుపెట్టెలో ఉంటే అప్పు మీద అప్పు. ఇంతకు ముందే కుంగుబాటు వచ్చినవారికి, భార్యాభర్తల మధ్య కలతలున్నవారికి, ఉద్యోగం నిలకడగా లేనివారికి ముప్పు మరింత ఎక్కువ.

మన ఇళ్ళలో తండ్రి చోటు ఎక్కడ?

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. తల్లికి అది గొప్ప మేలు. కన్నతల్లి చేతి పథ్యం, నలుగు, స్నానం, విశ్రాంతి అన్నీ దొరుకుతాయి. కాని తండ్రి? అత్తవారింట్లో అతను అతిథి. శనివారం బస్సెక్కి వచ్చి, ఆదివారం రాత్రి తిరిగి వెళ్ళేవాడికి బిడ్డను పావుగంట చేతికిస్తారు. ఏడవగానే "నీకు చేతకాదులే నాయనా" అని తీసేసుకుంటారు. అల్లుడికి మర్యాదలన్నీ జరుగుతాయి, మనసు సంగతి మాత్రం అడగరు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీ బిడ్డా అతనుండే ఊరికి వస్తారు. అప్పుడు ఆ చిన్న అద్దె ఇంట్లో, పెద్దలెవరూ లేకుండా, ఇద్దరూ ఒక్కసారిగా బాధ్యతలోకి దిగుతారు. తండ్రుల్లో కుంగుబాటు ఎక్కువని తేలిన మూడు నుంచి ఆరు నెలల కాలం మన ఇళ్ళలో సరిగ్గా ఇక్కడే పడుతుంది. అందుకే మన కుటుంబాల్లో ఆ నెలల మీద ప్రత్యేకంగా ఓ కన్ను వేయాలి.

నక్షత్రం మంచిది కాదంటూ శాంతి జరిగేదాకా తండ్రి బిడ్డ ముఖం చూడకూడదని, చూసినా ముందు నూనెలో నీడ చూడాలని అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తండ్రికీ బిడ్డకూ అనుబంధం మొలకెత్తే రోజుల్లో ఈ ఎడబాటు మంచిది కాదు. పైగా "బిడ్డ పుట్టిన వేళ తండ్రికి అరిష్టం" అనే మాట చెవిన పడితే, ఆ తర్వాత వచ్చే ప్రతి చిన్న కష్టానికీ అతని మనసు ఆ పసిగుడ్డునే దోషిగా నిలబెడుతుంది. నక్షత్రాలకూ మనిషి మనసుకూ సంబంధం లేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు.

నిజానికి తండ్రికి కూడా పురిట్లో ఒక చోటు ఇచ్చిన ఆచారాలు తెలుగు నేల మీద లేకపోలేదు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలో ఎరుకల కుటుంబాల గురించి ఒక వర్ణన ఉంది. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె బట్టలు కట్టుకొని, బొట్టు పెట్టుకొని, చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకొనేవాడట. బిడ్డ పుట్టాక కడిగి అతని పక్కలో పడుకోబెట్టేవారట. ఇలాంటి ఆచారాలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నాయి, మానవ శాస్త్రజ్ఞులు వీటిని 'కువాడ్' అంటారు. దీనికి వారు రకరకాల అర్థాలు చెప్పారు. బిడ్డ పుట్టుక తండ్రికి కూడా ఒక పెద్ద మలుపేనన్న గుర్తింపు మాత్రం అందులో ఉంది.

ఊరు విడిచిన తండ్రుల కష్టం మరో రకం. దుబాయిలోనో మస్కట్‌లోనో పనిచేసే నిజామాబాద్, కడప జిల్లాల మనిషి బిడ్డను మొదటిసారి చూసేది ఫోను తెర మీద. అమెరికాలో ఉండే దంపతుల దగ్గరికి తల్లి సాయానికి వచ్చినా, సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండనివ్వరు. అందరి మధ్యా ఉన్నవాడికే చెప్పుకొనే చోటు లేకపోతే, దూరాన ఉన్నవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

బిడ్డకు ఏమవుతుంది?

"అతని దిగులు అతనిది, బిడ్డను తల్లి చూసుకుంటుంది కదా" అనుకోవద్దు. ఇంగ్లండులో ఎనిమిది వేలకు పైగా తండ్రులను, వారి పిల్లలను పరిశీలించి 2005లో లాన్సెట్ పత్రికలో ఒక నివేదిక ప్రచురించారు. బిడ్డకు ఎనిమిది వారాల వయసులో తండ్రి కుంగుబాటుతో ఉంటే, ఆ బిడ్డకు మూడున్నరేళ్ళు వచ్చేసరికి మొండితనం, భయాలు వంటి సమస్యలు ఎక్కువగా కనిపించాయి. తల్లి కుంగుబాటును లెక్కలోంచి తీసేసి చూసినా ఈ ప్రభావం మిగిలింది. 2011లో అమెరికాలో ఏడాది పిల్లల తండ్రుల మీద జరిగిన మరో పరిశీలనలో, కుంగుబాటు ఉన్న తండ్రుల్లో నూటికి 41 మంది బిడ్డను కొట్టామని ఒప్పుకున్నారు. కుంగుబాటు లేనివారిలో ఆ సంఖ్య 13.

ఈ లెక్కలు తండ్రిని తప్పుపట్టడానికి కావు. తండ్రికి చేసే వైద్యం బిడ్డకూ మేలు చేస్తుందని తెలుసుకోవడానికి. ఆ అమెరికా పరిశీలనలోనే ఆశ కలిగించే అంకె ఒకటుంది. కుంగిన తండ్రుల్లో 77 శాతం మంది గడచిన ఏడాదిలో బిడ్డ డాక్టరుతో మాట్లాడారు. తమ కోసం ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళని మగవాడు బిడ్డ కోసం వెళతాడు. మన దేశంలో బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల్లో, మళ్ళీ తొమ్మిదో నెలలో టీకాలు వేయిస్తాం. ఆ రోజుల్లో తండ్రిని కూడా తీసుకువెళ్ళండి. "వీరికి నిద్ర సరిగ్గా పట్టడం లేదు డాక్టరుగారూ, ఒకసారి అడగండి" అని ఒక్క మాట చెప్పండి చాలు.

మీరు ఏం చేయవచ్చు?

మొట్టమొదట అడగండి. ఎలా అడగాలన్నదే ప్రశ్న. పదిమందిలో అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అంటాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే బిగుసుకుపోతాడు. పక్కపక్కన నడుస్తూనో, బండి మీద వెళుతూనో, టీ కొట్టు దగ్గరో మాట కలపండి. మీరు చూసినదాన్ని చెప్పండి. "బావా, పది రోజుల నుంచి చూస్తున్నాను, సరిగ్గా తినడం లేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అన్నది మంచి ప్రశ్న. "ఏమైంది నీకు?" అన్నది నిలదీసినట్టుంటుంది. మొదటిసారి చెప్పకపోవచ్చు. రెండు మూడు రోజులాగి మళ్ళీ అడగండి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో సలహాలివ్వకండి, వినండి.

కొన్ని మాటలు మంచి మనసుతో అన్నా పుండు మీద కారంలా పనిచేస్తాయి. "మగాడివై ఉండి ఇదేంటి?" "కన్నది అది, ఏడ్చేది నువ్వా?" "మేం ఆరుగుర్ని పెంచలేదా?" "బంగారం లాంటి కొడుకు పుట్టాడు, ఇంకేం కావాలి?" ఇవి వినగానే అతను మళ్ళీ నోరు మూసుకుంటాడు. ఆడపిల్ల పుట్టిందని తండ్రిని ఓదార్చే మాటలైతే అసలే వద్దు. వాటి బదులు "ఇది చాలామందికి వస్తుందట, తగ్గుతుందట. డాక్టరు దగ్గరికి నేను తోడు వస్తాను" అనండి. అందులో నింద లేదు, దారి ఉంది.

రెండోది నిద్ర. ఇంట్లో ఎవరు ఎప్పుడు మేల్కోవాలో వంతులు పెట్టుకోవాలి. పాలివ్వడం తల్లే చేయాలి గాని, ఆ తర్వాత తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం ఎవరైనా చేయవచ్చు. అమ్మమ్మ, నానమ్మ, పెదనాన్న ఎవరున్నా సరే. తల్లికీ తండ్రికీ ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారైనా నాలుగైదు గంటలు తెగని నిద్ర దొరికేలా చూడండి. అప్పుడప్పుడు దొరికే కునుకులు దీనికి సాటిరావు.

మూడోది, బిడ్డతో అతనికి సొంతమైన ఒక పని ఇవ్వండి. రోజూ సాయంత్రం స్నానమో, పొద్దున లేత ఎండలో అయిదు నిమిషాలు తిప్పడమో, చొక్కా విప్పి గుండెల మీద పడుకోబెట్టుకోవడమో ఏదైనా ఒకటి. అతను చేస్తున్నప్పుడు పక్కన నిలబడి తప్పులెన్నవద్దు. డైపరు వంకరగా పెట్టినంత మాత్రాన కొంపలేమీ మునగవు. అనుబంధం మొదటి చూపులోనే పుట్టాలని లేదు, చాలామంది తండ్రులకు అది వారాల మీద, నెలల మీద పెరుగుతుంది. ఆ సంగతి అతనికి చెప్పండి, అతని గుండె తేలికవుతుంది.

నాలుగోది, బరువులో భాగం పంచుకోండి. "ఏదైనా కావాలంటే చెప్పు" అంటే అతను ఎన్నటికీ చెప్పడు. కరెంటు బిల్లు కట్టడం, కూరలు తేవడం, రెండు పూటలకు క్యారియరు పంపడం, అప్పుల లెక్క కాగితం మీద రాసి ఏది ముందు తీర్చాలో కలిసి చూడటం వంటి పనులు మీరే అందుకోండి. బారసాల ఖర్చు తగ్గిద్దామని పెద్దవాళ్ళే ముందుగా అంటే అతనికి అదే పెద్ద ఊరట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. దాన్ని బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. ప్రైవేటు కంపెనీల్లో నియమాలు వేరు వేరుగా ఉంటాయి కాబట్టి అడిగి తెలుసుకోవాలి. ఆ సెలవును కాన్పు రోజుల్లోనే అంతా ఖర్చుచేయకుండా, కంపెనీ ఒప్పుకుంటే తల్లీ బిడ్డా ఇంటికి వచ్చే రోజులకు కొంత మిగుల్చుకోవడం మంచిది.

మందు విషయంలో నెమ్మదిగా, గట్టిగా ఉండండి. సారా అయినా విస్కీ అయినా నిద్ర తెప్పించినట్టే తెప్పించి, ఆ నిద్రను మధ్యలో చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది. "కాస్త వేసుకో, అన్నీ మర్చిపోతావు" అనే స్నేహితుడు అతనికి మేలు చేయడం లేదు. రోజూ తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది కనుక వైద్యుని సలహాతోనే మానాలి.

భార్యకు ఒక మాట

మీరు పచ్చి బాలింత. మీకే సేవ కావాలి. అతని కుంగుబాటును నయం చేసే బాధ్యత మీ ఒక్కరిదే అనుకోకండి. మీరు గమనించినది మీ అత్తగారికో, మరిదికో, అతని స్నేహితుడికో చెప్పి, సాయం అడగండి. అది భర్తను రచ్చకీడ్చడం కాదు. అతను ముభావంగా ఉంటే మీ మీద ప్రేమ తగ్గిందనుకొని కుమిలిపోవద్దు, జబ్బు అలా చేయిస్తుంది. అయితే ఒక హద్దుంది. కుంగుబాటు కోపానికి కారణం కావచ్చు గాని, చెయ్యి చేసుకోవడానికి అనుమతి కాదు. మీకు, బిడ్డకు భయం కలిగితే ముందు సురక్షితమైన చోటికి వెళ్ళండి. తర్వాతే మిగతా సంగతులు.

ఇద్దరూ గుర్తుంచుకోవాల్సిన నియమం ఒకటుంది. పసిబిడ్డ ఏడుపు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో అత్యధికంగా ఉండి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఎంత ఊపినా ఆపని ఏడుపుకు ఎవరికైనా రక్తం మరుగుతుంది. అప్పుడు బిడ్డను సురక్షితమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళిపోండి. ఆ పది నిమిషాలు ఏడ్చినందువల్ల బిడ్డకు ఏమీ కాదు. కాని కోపంలో బిడ్డను పట్టుకొని కుదిపితే మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణమే పోవచ్చు.

వైద్యం ఎలా ఉంటుంది?

ముందుగా మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళినా చాలు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ లోపం, చక్కెర వ్యాధి వంటివి కూడా నీరసాన్ని, దిగులును కలిగిస్తాయి కనుక ఆయన రక్తపరీక్షలు రాయవచ్చు. కుంగుబాటేనని తేలితే, తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు మాటల ద్వారా చేసే చికిత్స సరిపోతుంది. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు కొన్ని వారాల పాటు మాట్లాడుతూ, "నేను చేతకాని తండ్రిని" వంటి ఆలోచనలను పరీక్షించి సరిచేసుకోవడం నేర్పుతారు. తీవ్రత ఎక్కువైతే మందులు కూడా ఇస్తారు. అవి తలనొప్పి బిళ్ళలా గంటలో పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. వాడిన రెండో రోజే "పనిచేయలేదు" అని పారేయకూడదు. బాగుపడ్డాక కూడా కొన్ని నెలలు వాడాల్సి ఉంటుంది, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఇవి అలవాటుగా మారే మత్తుమందులన్న భయం సరికాదు.

అంతకు ముందెప్పుడైనా విపరీతమైన ఉత్సాహం, నిద్ర లేకుండా తిరగడం, చేతికందినట్టు డబ్బు ఖర్చుచేయడం వంటి దశలు అతనికి వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అది వేరే జబ్బు కావచ్చు, దానికి మందులూ వేరు.

మానసిక వైద్యుడంటే మన దగ్గర ఇంకా జంకు పోలేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు చెప్పి ఎగతాళి చేయడం అందరికీ తెలిసిందే. ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో మామూలు ఓపీ విభాగాలున్నాయి. వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎక్కడికీ కదలలేనివారి కోసం 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే పగలైనా రాత్రయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అతనే చేయాలని లేదు, మీరు చేసి సలహా అడగవచ్చు. అమెరికాలో ఉన్నవారికి 988 నంబరు ఉంది.

ఎప్పుడు ఆగకూడదు?

"నేను లేకపోతే మీరంతా సుఖంగా ఉంటారు" అన్నా, ఉన్నట్టుండి బీమా కాగితాలు, బ్యాంకు లెక్కలు అప్పగిస్తున్నా, చావు మాటలు దొర్లుతున్నా దాన్ని బెదిరింపు అనుకొని వదిలేయకండి. 2022లో మన దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో దాదాపు 72 శాతం మగవారివే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. చాలామందికి అడిగినవాడు దొరికాడన్న ఊరటే కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు అతనికి అందని చోటికి, వీలైతే మరో ఇంటికి చేర్చండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి గాని 112కి గాని ఫోను చేయండి. లేని మాటలు వినబడుతున్నాయన్నా, బిడ్డ గురించి వింత అనుమానాలు వ్యక్తం చేసినా అదీ అత్యవసరమే. ఆ సమయంలో బిడ్డను అతని దగ్గర ఒంటరిగా ఉంచకూడదు.

చాలా ఇళ్ళలో పరిస్థితి అంతదాకా రాదు. వేళకు గుర్తిస్తే కుంగుబాటు నయమయ్యే జబ్బు. మీ ఎరికలో ఈ మధ్య తండ్రి అయిన మనిషి ఒకరు తప్పకుండా ఉండే ఉంటారు. బిడ్డ ఎలా ఉందని, తల్లి ఎలా ఉందని అడిగాక, ఫోను పెట్టేసే ముందు ఇంకొక్క ప్రశ్న వేయండి: "మరి నువ్వెలా ఉన్నావు?" "బాగానే ఉన్నాను" అని వెంటనే వచ్చే జవాబుతో సరిపెట్టుకోకుండా, ఇంకో నిమిషం ఆగండి.